మెలీతా ముఖం

ఫిలేతుస్‌కి ఒక ముఖం రావడం లేదు.

ఇలా ఎప్పుడూ జరగలేదు. పన్నెండేళ్ళుగా ఓస్తియా రేవులో అతను చచ్చిపోయినవాళ్ళ ముఖాలు చెక్కుతున్నాడు. నూనె వర్తకుల ముఖాలు, ఓడ యజమానుల ముఖాలు, పురిట్లో పోయిన ఆడపిల్లల ముఖాలు, ఇంకా మాటలైనా రాని పసివాళ్ళ ముఖాలు. ఏ ముఖమూ అతనికి ఎదురు తిరగలేదు. ఇప్పుడు గురువుగారి భార్య మెలీతా దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.

ఆవిడ పోయి ఆరు రోజులైంది. తొమ్మిదోనాడు చుట్టాలూ ఇరుగుపొరుగూ సమాధి దగ్గరికి వస్తారు. గుడ్లు, పప్పు, ఉప్పు పెట్టి, తామూ అక్కడే కూర్చుని నాలుగు ముద్దలు తిని వెళతారు. అది రోము రాజ్యంలో ఆచారం. ఆ రోజుకి ఆవిణ్ణి ఉంచిన రాతి పేటిక మీద ఆవిడ ముఖం ఉండాలి. ఇక మిగిలింది మూడు రోజులు.

ఆ పని ఎలా ఉంటుందో కాస్త చెప్పాలి. తూర్పు సముద్రంలోని దీవుల్లో గనులున్నాయి. అక్కడ పాలరాతిని పెట్టెలా తొలిచి, పైపైన మోటుగా చెక్కి, ఓడలకెక్కించి ఓస్తియాకి పంపేవాళ్ళు. ఫిలేతుస్ గురువు జోతికస్ కార్ఖానాలో వాటి మీద బొమ్మలు చెక్కేవాళ్ళు. ద్రాక్ష కోస్తున్న రెక్కల పిల్లలు, నాలుగు ఋతువులు, సింహాల వేట, నిద్రపోతున్న గొర్రెలకాపరిని చూడడానికి రథం దిగి వస్తున్న చంద్రదేవత. ఇవన్నీ కొనేవాళ్ళు రాకముందే తయారుగా ఉండేవి. నడిమధ్య ఆల్చిప్ప ఆకారంలో ఒక చట్రం, అందులో ఒక మనిషి మెడ, భుజాలు, బట్టల మడతలు. ముఖం రావలసిన చోట మాత్రం కోడిగుడ్డు ఆకారంలో రాయి ముద్ద వదిలేసేవాళ్ళు. చావు ఏ ఇంటికి వెళుతుందో ముందే తెలియదు కదా. వెళ్ళాక, ఆ ఇంటివాళ్ళు వచ్చాక, ఆ ముద్ద ఒక ముఖమయ్యేది.

ముద్దని ముఖం చెయ్యడంలో ఫిలేతుస్‌ని మించినవాడు లేడని ఊరంతా అనేది. ఎవరూ అనని రోజున అతనే అనేవాడు.

పోయినవాళ్ళని అతను చూసి ఉండాల్సిన పని లేదు. ఉన్నవాళ్ళు ఏడుస్తూ చెప్పే రెండు మాటలు చాలు. ముక్కు పొడుగా? గడ్డం గుండ్రమా? సరే, ఇక మీరు వెళ్ళిరండి అనేవాడు. జుట్టు గురించైతే అదీ అడిగేవాడు కాదు. నాణేల మీద రాణిగారి జడలు ఎలా ఉంటే పోయిన ప్రతి ఇల్లాలికీ అలాగే అల్లేవాడు. దానికి ఎవరూ పేచీ పెట్టలేదు. బతికున్నన్నాళ్ళూ బట్టలుతికిన మనిషి పోయాక రాణిలా కనిపిస్తుంటే వద్దనేదెవరు?

ఒకసారి ఒక నూనె వర్తకుడు భార్య పేటిక ముందు చాలాసేపు నిలబడి నసిగాడు.

"బాగుంది నాయనా. చాలా బాగుంది. కానీ మా ఆవిడ... ఇలా ఉండేది కాదేమో."

"ఒక్క ఏడాది ఆగండి," అన్నాడు ఫిలేతుస్, ఉలి మీద దుమ్ము ఊదుతూ. "ఇలాగే ఉండేదని మీరే అంటారు."

పనివాళ్ళందరూ నవ్వారు. నూనె వర్తకుడు కూడా నవ్వాడు, పాపం. జోతికస్ ఒక్కడే నవ్వలేదు. ఆయన వంచిన తల ఎత్తకుండా సింహం జూలు చెక్కుకుంటూ ఉండిపోయాడు. ఆయనెప్పుడూ అంతే.

జోతికస్, మెలీతా ఒకప్పుడు ఒకే యజమాని ఇంట్లో బానిసలు. ఆయన చేతిపని చూసి యజమాని ఇద్దరినీ విడుదల చేశాడు. ముప్పై ఒక్క ఏళ్ళ కాపురం. పిల్లలు లేరు. ఆయన పొద్దున్నే రాయి ముందు కూర్చునేవాడు, ఆవిడ పొయ్యి ముందు కూర్చునేది. మధ్యాహ్నమయ్యేసరికి ఆవిడే కార్ఖానాకి వచ్చి గురువుకో గిన్నె, శిష్యుడికో గిన్నె పెట్టి వెళ్ళేది. సాయంత్రం వచ్చి ఖాళీ గిన్నెలు పట్టుకెళ్ళేది.

ద్రాక్ష కోతల రోజుల్లో జ్వరం తగిలి మూడు రోజుల్లో పోయింది.

జోతికస్ తాను నాలుగు చలికాలాలు కూర్చుని చెక్కిన ద్రాక్షతోట పేటికని ఆవిడకి ఇచ్చాడు. ఎంతమంది అడిగినా అమ్మని పేటిక అది. ఊరి గోడ బయట, బాటకి రెండు వైపులా సమాధులుండే చోట, చిన్న ఇటుకల గదిలో దాన్ని పెట్టించాడు. ఆవిణ్ణి అందులో పడుకోబెట్టి, మూత వేసి, ఇనుప బిగింపులకి సీసం పోయించాడు. తరవాత శిష్యుడి వైపు తిరిగాడు.

"ముఖం నువ్వు చెయ్యి."

"మీరు చెయ్యరా గురువుగారూ?"

"నా చెయ్యి వణుకుతోంది."

చెయ్యి వణకడం లేదని ఫిలేతుస్‌కి కనిపిస్తూనే ఉంది. ఆయన దుఃఖం ఆయనది, అడక్కూడదు అనుకున్నాడు. లోలోపల కొంచెం గర్వపడ్డాడు కూడా. నిజం చెప్పాలంటే కొంచెం కాదు.

ఆరో రోజున ఉలులన్నీ వరసగా పేర్చుకుని పేటిక ముందు కూర్చున్నాడు. జుట్టుతో మొదలుపెడదామనుకుని రాణిగారి జడలు తలుచుకున్నాడు. మెలీతాకి రాణిగారి జడలేమిటి, నవ్వొచ్చింది. ఆవిడ తలకి గుడ్డ కట్టుకునేది. కట్టుకునేదా? లేక కొప్పు పెట్టుకునేదా? నెరిసిందా, నెరవలేదా?

ఎంత ఆలోచించినా తెలియలేదు.

కళ్ళ దగ్గరికి వెళ్ళాడు. కళ్ళూ అంతే. నోరు, గడ్డం, చెంపలు, అన్నీ అంతే.

చేతులు మాత్రం తెలుసు. ఎడమ బొటనవేలి మీద పాత కాలిన మచ్చ, గోళ్ళ అంచుల్లో పిండి, మణికట్టుకి కట్టుకున్న ఎర్రదారం. గిన్నె పెట్టాక ఆ చెయ్యి ఒక్క క్షణం గిన్నె మీదే ఉండేది, వేడిగా ఉందో లేదో చూస్తున్నట్టు. ఆ చేతుల్ని చెక్కమంటే ఫిలేతుస్ కళ్ళు మూసుకుని చెక్కేవాడు. మణికట్టు దాటి పైకి వెళితే అతనికి ఏమీ గుర్తు లేదు.

ఒక ఏడు అతనికి విషజ్వరం వస్తే ఆవిడే పదకొండు రోజులు పక్కన కూర్చుంది. నుదుటి మీద తడిగుడ్డ గుర్తుంది, దాన్ని ముంచిన పుల్లటి ద్రాక్షరసం వాసన గుర్తుంది. ఆ పదకొండు రోజులూ అతను కళ్ళు మూసుకునే ఉన్నాడు. తగ్గి లేచినరోజే మళ్ళీ రాయి ముందు కూర్చున్నాడు. ఆవిడకి ఒక మంచి మాట చెప్పాడో లేదో కూడా ఇప్పుడు గుర్తు రాలేదు.

నాలుగు వేళ్ళ మందం రాయి. దానికి అవతల ఆవిడ ఉంది. ఫిలేతుస్ రాతికి చెయ్యి ఆనించి చాలాసేపు కూర్చున్నాడు.

ఏడో రోజున మట్టితో ఒక ముఖం చేసి గురువు దగ్గరికి పట్టుకెళ్ళాడు. అందమైన ముఖమే. శాంతంగా, నిండుగా, ఎవరింటి ఇల్లాలైనా కావచ్చు అన్నట్టుంది.

జోతికస్ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"ఇదేనా?" అన్నాడు.

"మీరే చెప్పాలి గురువుగారూ. పోలిక కుదిరిందా?"

ఆయన ఇంకోసారి తిప్పి చూశాడు. "నీకు ఎలా గుర్తుంటే అలా చెయ్యి."

"కళ్ళు ఇంకాస్త చిన్నవి చెయ్యనా?"

"నీకు ఎలా గుర్తుంటే అలా."

ఫిలేతుస్‌కి ఒళ్ళు మండింది. ఇంత దుఃఖంలోనూ ఈయన నన్ను పరీక్షిస్తున్నాడు, తప్పు దొరికే దాకా చూసి అప్పుడు నోరు విప్పుతాడు అనుకున్నాడు. మట్టి ముఖాన్ని చేతుల్లోనే నలిపేసి బయటికి వచ్చాడు.

ఎనిమిదో రోజు పొద్దున సమాధి గదికి వెళ్ళి తలుపు బార్లా తెరిచి వెలుగు రానిచ్చాడు. మొండిగా బొగ్గు ముక్క తీసుకుని రాయి ముద్ద మీద గీతలు గీశాడు. నిన్న మట్టితో చేసిన ముఖమే, ఇంకాస్త అందంగా. ఒక్క ఏడాది ఆగితే ఆయనా ఇదే మెలీతా అంటాడు. అందరూ అన్నారు, ఆయన మాత్రం అనడా?

ఆ మాట మనసులో అనుకోగానే ఎక్కడో కలుక్కుమంది. ఏడాది తరవాత గురువుగారు ఈ ముఖాన్నే తలుచుకుంటాడు. ఇది మెలీతా కాదు. అప్పుడు మెలీతా ఎక్కడుంటుంది?

అయినా సుత్తి ఎత్తాడు. పాలరాయితో ఉన్న చిక్కు ఏమిటంటే, తీసింది మళ్ళీ అతకదు. అందుకని మెల్లగా, నుదుటి పైన, జుట్టు మొదలయ్యే చోట ఉలి ఆనించి కొట్టాడు. చిన్న పెచ్చు రాలింది. దాని పక్కనే రెండో పెచ్చు. తల వంచి, ఊపిరి బిగపట్టి, ఉలి మొన మీదే చూపు పెట్టి పని చేస్తున్నాడు. అలా ఎంతసేపు గడిచిందో.

పక్కన రాతి మీద గిన్నె పెట్టిన చప్పుడైంది. పప్పు వాసన వచ్చింది.

"అక్కడ పెట్టి వెళ్ళమ్మా," అన్నాడు ఫిలేతుస్, తల ఎత్తకుండా.

అన్నాక చెయ్యి ఆగింది.

తల ఎత్తి చూస్తే జోతికస్ నిలబడి ఉన్నాడు. చేతులకి మసి అంటుకుంది. పైబట్ట మీద ఒక పక్కంతా పప్పు ఒలికింది. ఊరి నుంచి ఆ గిన్నె మోసుకుంటూ నడిచి వచ్చాడు, డెబ్భై ఏళ్ళ మనిషి.

"గురువుగారూ... నేను... అది నోటికి..."

"తెలుసు," అన్నాడు జోతికస్. "నేనూ అదే మాట అనేవాణ్ణి. నువ్వు రాకముందు నుంచీ."

ఫిలేతుస్ లేవబోయాడు. ఆయన లేవొద్దని చెయ్యి ఊపి, తాను మాత్రం ఉన్నచోటే నిలబడ్డాడు.

"ఆవిడ నిలబడే చోట నిలబడితే ఏం కనిపిస్తుందో చూద్దామని వచ్చాను," అన్నాడు. "ఇక్కణ్ణుంచి నడినెత్తి ఒక్కటే కనిపిస్తుంది. నీకు రెండు సుడులున్నాయి ఫిలేతూ. పన్నెండేళ్ళలో ఇవాళే చూశాను."

ఫిలేతుస్ ఉలి కింద పెట్టాడు.

ఆయన చేతుల వైపు చూశాడు. "మీ చెయ్యి వణకడం లేదు గురువుగారూ. ఆ రోజు కూడా వణకలేదు."

"లేదు."

"మరి ముఖం నన్నెందుకు చెయ్యమన్నారు?"

జోతికస్ నెమ్మదిగా కింద కూర్చున్నాడు. ద్రాక్ష గుత్తులు మోస్తున్న రాతి పిల్లల వైపు చూశాడు. ఒక్కొక్క పిల్లాడి బుగ్గా, ఒక్కొక్క ద్రాక్ష ఆకు ఈనే ఆయన చేతిలోంచి వచ్చినవే.

"నువ్వైనా చూసి ఉంటావనుకున్నాను," అన్నాడు.

ఫిలేతుస్ ఏడ్చాడు. ఆవిడ పోయినరోజు కూడా అంతలా ఏడవలేదు. ఆ రోజు ఏడ్చింది పోయినందుకు. ఇవాళ ఏడ్చింది ఆవిడ పన్నెండేళ్ళు ఎదురుగా ఉన్నందుకు. జోతికస్ అతన్ని ఓదార్చలేదు. ఓదార్చే ఓపిక ఆయనకీ లేదు.

పప్పు అడుగంటింది. జోతికస్ ఉప్పు వెయ్యడం మరిచిపోయాడు. ఇద్దరూ ఒకే గిన్నెలో చెరో పక్క నుంచి తిన్నారు, ఒక్క గింజ వదలకుండా. తిన్నాక ఫిలేతుస్ గుడ్డ తడిపి, రాయి ముద్ద మీది బొగ్గు గీతలన్నీ తుడిచేశాడు. నుదుటి దగ్గర లేచిన పెచ్చుల గుర్తు మాత్రం పోలేదు. దాని మీద వేళ్ళు పెట్టి రుద్దుతూనే ఉన్నాడు. ఇక చాలు, ఇంటికి పోదాం అన్నాడు జోతికస్.

తొమ్మిదోనాడు జనం బాగానే వచ్చారు. కార్ఖానా పనివాళ్ళు, నీళ్ళ తొట్టి దగ్గరి ఆడవాళ్ళు, జోతికస్ మేనల్లుళ్ళు. వచ్చినవాళ్ళందరూ ద్రాక్షతోటని మెచ్చుకున్నారు. మధ్యలో ఉన్న ముఖం లేని ముద్దని చూసి చూపు తిప్పుకున్నారు. పెద్ద కార్ఖానా వ్యవహారం, ఏదో కారణం ఉండే ఉంటుంది అనుకున్నారు. తిని, నీళ్ళు చల్లి, ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

చివరికి రుస్తికా ఒక్కతే మిగిలింది. రేవులో చేపలమ్మే మనిషి. మెలీతా రోజూ ఆవిడ దగ్గరే చేపలు కొనేది. రుస్తికాకి మొహమాటం అంటే ఏమిటో తెలియదు.

"ఇదేంటి పెద్దాయనా?" అంది నడుం మీద చెయ్యి పెట్టుకుని. "ఊళ్ళో వాళ్ళందరికీ ముఖాలు పెడతారు. ఇంటి మనిషికి పెట్టడానికి తీరిక లేకపోయిందా ఇద్దరికీ?"

ఫిలేతుస్ దగ్గర ఒక అబద్ధం తయారుగా ఉంది. "రాయిలో చిన్న పగులుందమ్మా, ఉలి పెడితే..."

జోతికస్ అతని మోకాలి మీద చెయ్యి వేశాడు. ఫిలేతుస్ ఆగిపోయాడు.

"మేం చూడలేదమ్మా," అన్నాడు జోతికస్.

"ఏం చూడలేదు?"

"ఆవిణ్ణి."

రుస్తికాకి ముందు అర్థం కాలేదు. పరాచికం అనుకుని నవ్వబోయింది. గురువు ముఖం చూసింది, శిష్యుడి ముఖం చూసింది. నవ్వు పోయి కోపం వచ్చింది.

"ముప్పై ఒక్క ఏళ్ళు ఒక కప్పు కింద ఉండి, చూడలేదా? నేను ఈ చేత్తో ఇచ్చిన చేపలన్నీ తిన్నారే, తెచ్చినదాని ముఖం చూడలేదా? ఏం మనుషులయ్యా మీరు?"

ఇద్దరూ తలలు వంచుకున్నారు.

తిట్టి తిట్టి ఆవిడే అలిసిపోయింది. గడపలో కూలబడి, ఒడిలోంచి గుడ్డు తీసి పెంకు ఒలవసాగింది. కొంతసేపటికి గొంతు తగ్గించి, పేటికతో మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టింది.

"నవ్విందంటే ఎడమ కన్ను మూసుకుపోయేది. కుడిది కాదు, ఎడమదే. అది తెలిసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది, కన్ను మూసుకుపోతే నోరు మూసుకోవడమెందుకే అని నేను వేళాకోళం చేసేదాన్ని. బేరం నచ్చకపోతే కింది పెదవి కొరుక్కునేది. ఇదిగో ఇక్కడ, చెవి కింద, చేప పొలుసంత మచ్చ. జుట్టు ఈ మధ్యనే నెరిసింది. గుడ్డ కట్టి దాచుకునేది. మా వాళ్ళు తల ఎత్తితే కదా నెరిసిందని తెలియడానికి అని నవ్వేది. మీ ఇద్దరి సంగతి చెప్పేటప్పుడే ఎక్కువ నవ్వేది. అందుకే ఆ కన్ను నాకంత బాగా తెలుసు."

ఫిలేతుస్ మనసులో ఒక్కొక్కటీ పేర్చుకున్నాడు. ఎడమ కన్ను, పెదవి, చెవి కింద మచ్చ, తలగుడ్డ. ఇంతకన్నా తక్కువ వినే అతను ఎన్నో ముఖాలు చెక్కాడు. సాయంత్రం లోపల అయిపోతుంది. అతనికి తెలియకుండానే చెయ్యి పక్కనున్న ఉలుల సంచి మీదికి వెళ్ళింది.

జోతికస్ ఆ చెయ్యి చూశాడు. సంచి తీసుకుని, మూతి ముడి వేసి, తన వెనక పెట్టుకున్నాడు. తరవాత నేల మీద జరిగి జరిగి రుస్తికాకి ఎదురుగా వచ్చి, తల ఎత్తి కూర్చున్నాడు. ఫిలేతుస్ కూడా వెళ్ళి ఆయన పక్కనే కూర్చున్నాడు.

"ఇంకోసారి చెప్పమ్మా," అన్నాడు జోతికస్.

"ఎందుకూ, చెక్కడానికా?"

"కాదమ్మా. ఇప్పుడిప్పుడే కనిపిస్తోంది."